చిల్లు ఎక్కడ?

ఇంటిపట్టున ఉండాలన్న కోరిక, దేశాలు చూడాలన్న కోరిక రెండూ మనిషికి సహజమైనవే. అయితే ఒకటి తీరుతున్నప్పుడు రెండవది తీరదు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చిన వాహనం మోటారు హోమ్. అమెరికాలో విరివిగా కనిపించే ఈ చక్రాల ఇంటిలో పడకగది, వంటగది, స్నానపు గది అన్నీ ఉంటాయి. గృహస్థుడే సారథి. వేసవి సెలవులలో ఎన్నో కుటుంబాలు ఇటువంటి బండ్లలో వేల మైళ్లు తిరిగి వస్తాయి.

డాలస్ నగరంలో స్థిరపడిన ఒక తెలుగు యువకుడు 2005లో తయారైన అటువంటి బండినొకదానిని కొనుక్కున్నాడు. స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు గ్రాండ్ కాన్యన్ చూపించాలని అతని సంకల్పం. తండ్రి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. కృష్ణా జిల్లాలో ముప్పై ఏళ్లు సైకిలు మీదనే బడికి వెళ్లి వచ్చినవాడు. జూలై నెలలో ఒకనాటి తెల్లవారుజామున ముగ్గురూ బయలుదేరారు. మధ్యాహ్నానికి ఆమరిల్లో పట్టణం సమీపించింది. అప్పటికే డాష్‌బోర్డు నుంచి వచ్చే చల్లగాలి గోరువెచ్చనై, చివరకు వడగాలిగా మారింది. ఎదుట గోడంత అద్దం. దానిగుండా ఎండ నిప్పులు చెరుగుతున్నది. రక్తపోటు ఉన్న తల్లికి ముఖం కందిపోయి, తల తిరగసాగింది.

మోటారు హోమ్‌లో చల్లదనానికి రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఇంటి భాగాన్ని చల్లబరిచే ఏ.సి. కప్పు మీద ఉంటుంది. అది జెనరేటరు నుంచో, బస చేసిన చోటనో అందే విద్యుత్తుతో పనిచేస్తుంది. డాష్‌బోర్డులోని ఏ.సి. మాత్రం కారులో వలె ఇంజను బలంతో నడుస్తుంది. యువకుడు జెనరేటరు వేసి కప్పు మీది ఏ.సి.ని నడిపించాడు. వెనుక గది చల్లబడింది గాని, ఆ చల్లదనం ముందరి సీట్ల దాకా చేరలేదు. తల్లిని వెనుక గదిలో పడుకోబెట్టి, దారిలో ఒక దుకాణం దగ్గర బండి ఆపి, అతడు చిన్న గ్యాసు డబ్బా కొని తెచ్చాడు.

“పది నిమిషాల పని, నాన్నగారూ. పోయిన వేసవిలోనూ ఒక డబ్బా ఎక్కించాను” అన్నాడు.

“అప్పుడు ఎక్కించినది ఏమైంది? పెట్రోలులాగా ఖర్చయిపోతుందా?” అని తండ్రి అడిగాడు.

కుమారుడు ఒక్క క్షణం ఆలోచించాడు. శీతలకం అనే ఆ ద్రవ్యం ఖర్చయ్యేది కాదు. కంప్రెసరు దానిని ఒత్తి పంపుతుంది. బండి ముందుభాగంలోని కండెన్సరులో అది తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు వెనుక ఉన్న సన్నని గొట్టాలలో ఒత్తిడి తగ్గగానే మరిగి ఆవిరై, లోపలి గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరి తిరిగి కంప్రెసరును చేరుతుంది. మూసిన గొట్టాలలో ఈ పరిభ్రమణం ఆగకుండా సాగుతుంది. ఏడాదిలోనే ఒక డబ్బా గ్యాసు కావలసివస్తే, అది ఎక్కడి నుంచో బయటికి పోతున్నదన్నమాట.

ఆ మాటే అతడు తండ్రికి చెప్పాడు. తండ్రి నవ్వి, “పంక్చరు వేయించకుండా గాలి కొట్టుకుంటూ పోతే సైకిలు ఎంత దూరం నడుస్తుంది నాయనా?” అన్నాడు.

డబ్బా మూత విప్పలేదు. బండి పట్టణంలోని ఒక మరమ్మతు శాలకు చేరింది. చల్లని గదిలో కూర్చుని మంచినీళ్లు తాగిన తరువాత తల్లి తేరుకున్నది. మెకానిక్కు మొదట గ్యాసు జోలికి పోలేదు. దీపం పట్టుకుని గొట్టాల వెంట అంగుళం అంగుళం చూశాడు. ఒక అతుకు దగ్గర జిడ్డు మరక కనిపించింది. కంప్రెసరుకు కావలసిన నూనె శీతలకంతో కలిసి ప్రవహిస్తుంది. అందుచేత గ్యాసు పోయే చోట నూనె తన జాడను వదులుతుంది. అక్కడ సబ్బునీరు పూయగానే సన్నని బుడగలు లేచాయి. అది చూసి వృద్ధ ఉపాధ్యాయుని కన్నులు మెరిశాయి. ఊరి సైకిలు దుకాణంలో, నీళ్ల పళ్లెంలో ముంచిన ట్యూబు నుంచి లేచే బుడగలు అవే కదా!

లోపం అతుకులోని రబ్బరు వలయానిది. ఏళ్ల తరబడి వేడికి ఎండి, గట్టిపడి, పగుళ్లు వారింది. మెకానిక్కు మిగిలిన గ్యాసును గాలిలోకి వదలక ఒక యంత్రంలోకి లాగి భద్రపరిచాడు. కొత్త వలయం వేశాడు. పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తోడివేశాడు. ఆ శూన్యం చెక్కుచెదరకుండా నిలిచిందో లేదో చూశాడు. ఆ తరువాతనే, ఇంజను దగ్గర అంటించిన చీటీలో ఉన్న లెక్క ప్రకారం శీతలకాన్ని తూకం వేసి నింపాడు. ఒత్తిడిని బట్టి పరిమాణాన్ని కచ్చితంగా చెప్పలేము. బయటి వేడిని బట్టి అది మారుతూ ఉంటుంది. తక్కువైతే చల్లదనం ఉండదు, కంప్రెసరుకు నూనె సరిగా అందదు. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి యంత్రానికే ముప్పు. ఈ విద్యలో కొలతే ప్రాణం.

గాలిలో కలిసిన గ్యాసు కథ అంతటితో ముగియదు. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం రూపొందించిన క్లోరోఫ్లోరోకార్బన్లు నిరపాయమైనవని లోకం ఎంతో కాలం నమ్మింది. అవి భూమిని కాపాడే ఓజోను పొరను తినివేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర పలచబడినట్లు వెల్లడైంది. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. ఆ తరువాత వాహనాలలోకి వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు. కాని నూరేళ్ల కాలంలో అది భూమిని వేడెక్కించే శక్తి, అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 1,400 రెట్లు ఎక్కువ. దుకాణాలలో అమ్మే 340 గ్రాముల డబ్బా గాలిలో కలిస్తే, దాదాపు అర టన్ను బొగ్గుపులుసు వాయువును వదలినట్లే. అందుకే ఇటువంటి వాయువుల వాడకాన్ని తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు అంగీకరించాయి. భారతదేశం 2021లో ఆ అంగీకారాన్ని ధ్రువీకరించింది. ఒక్క బండి చల్లదనం కోసం అందరి భూమిని వేడెక్కించడం న్యాయం కాదు కదా.

సాయంత్రానికి బండి మళ్లీ పడమటి దారి పట్టింది. డాష్‌బోర్డు నుంచి చల్లని గాలి వీస్తుండగా తల్లి ముందరి సీటులోనే కునుకు తీసింది. కుమారుడు దుకాణం దగ్గర ఆగి, విప్పని డబ్బాను తిరిగి ఇచ్చివచ్చాడు. రబ్బరు వలయం వెల చాలా స్వల్పం. దాని జాడ కనిపెట్టడానికి పట్టిన ఓర్పే విలువైనది.

చిల్లికుండలో ఎన్ని బిందెలు పోసినా నిండదు. ఆ సంగతి పల్లెలో పసిపిల్లలకు సైతం తెలుసు. తొందరలో పెద్దలే దానిని మరచిపోతారు. తరిగినదానిని నింపబోయే ముందు అది ఎందుకు తరిగిందో వెదకడం వివేకం. ఆనాడు మైళ్ల దూరంలో, పరాయి నేల మీద, ఆ కుటుంబానికి దారి చూపినది ఒక సైకిలు పంక్చరు నేర్పిన పాఠమే.