ప్లగ్గు మార్చే వేళ

మోటార్ సైకిల్ స్పార్క్ ప్లగ్గును ఎప్పుడు మార్చాలో మీటరు మీది కిలోమీటర్లు చెబుతాయి, ప్లగ్గు మొన రంగు కూడా చెబుతుంది. 100 సీసీ బండ్లకు సాధారణంగా పది పన్నెండు వేల కిలోమీటర్లు గడువు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మాత్రం రంగునే ఎక్కువ నమ్మాలి.

ప్లగ్గు మొన సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే దాని మీద పేరుకున్న మసి దానంతటదే కాలిపోతుంది. ఇంటి నుంచి పత్తి చేనుకు, చేను నుంచి ఎరువుల దుకాణానికి ఒకటో రెండో గేర్లలో తిరిగే బండికి ఆ వేడి అందదు. వేల వోల్టుల కరెంటు గ్యాప్ దాటకుండా మసి మీదుగా జారిపోతుంది. అలాంటి బండి పొద్దున్నే కిక్కుకు అందుకోదు, ఎత్తు వస్తే గుంజదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

విప్పి చూసినప్పుడు మొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్లబడి పొక్కులు లేస్తే వేడి మితిమీరినట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే పిస్టన్ రింగుల వైపు చూడాలి. పొడిమసి పట్టిందంటే ఈ ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నే. బండిబాటల దుమ్ముతో అది మూసుకుపోతే, ముఖ్యంగా కార్బురేటర్ బండ్లలో, పెట్రోలుకు తగినంత గాలి అందదు. ఫిల్టర్‌ను వదిలేసి ప్లగ్గు ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే కొత్తదీ నల్లబడుతుంది. ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే పాత టూ స్ట్రోక్ ఎక్సెల్ బండ్లకు మసి ఇంకా తొందరగా పడుతుంది.

ఇంజిన్ చల్లారాకే ప్లగ్గు విప్పాలి. వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులోని మరలు చెడిపోతాయి, ఆ ఖర్చు ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు. వైరును కాకుండా క్యాప్‌ను పట్టి లాగాలి. విప్పే ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును గాలి కొట్టి ఊదేయాలి. సైకిల్ పంపు చాలు. ఈ పని మరిస్తే ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

గ్యాప్‌ను ఫీలర్ గేజీతో చూడాలి. చాలాచోట్ల హాక్సా బ్లేడు ముక్క దూర్చి సరిపెడతారు. దాని మందం సుమారు 0.6 మిల్లీమీటర్లే. నేటి బండ్లలో చాలావాటికి 0.8 నుంచి 0.9 దాకా కావాలి. కొత్త ప్లగ్గును చేత్తోనే చివరిదాకా తిప్పి, తర్వాత పానతో అర చుట్టు బిగించాలి. చేతికి అడ్డు తగిలితే మర వంకరగా పడినట్టే, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. పల్సర్ డీటీఎస్-ఐ లాంటి రెండు ప్లగ్గుల బండికి రెండూ కలిపే మార్చడం మంచిది.

నంబరు మాత్రం కంపెనీ చెప్పిందే ఉండాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిని తొందరగా వదిలేస్తుంది, బాష్‌లో ఇది తలకిందులు. అందుకే వేరే కంపెనీది కొనేటప్పుడు అంకెలు పోల్చి లాభం లేదు. 2020 తర్వాతి బీఎస్-6 బండికి రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే ఇంజెక్షన్ కంప్యూటర్‌కు ఆటంకం కలగవచ్చు.

శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. దారిలో మెకానిక్ దొరకడం కష్టం, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. గ్యాప్ సరిచూసిన ప్లగ్గు ఒకటి, ప్లగ్ పాన ఒకటి సీటు కింద పెట్టుకుని బయల్దేరడం అవసరం.