అప్రస్తుతానికి ఒక్క కుర్చీ

అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. దారి తప్పించే హక్కు మాత్రం ఒక్కరికే: అప్రస్తుత ప్రసంగం. అవధాని చమత్కారంగా బదులిచ్చి, ఆగిన పాదం దగ్గరికే తిరిగొస్తాడు. చివర్లో ధారణలో పద్యాలన్నీ ఒప్పజెప్పాలి కదా!

మా రాంగోపాల్‌పేట్ క్యాసెట్ పిచ్చోళ్ల బృందంలో అందరిదీ ఆ కుర్చీయే. పోయిన నాన్న గొంతున్న టేపు తెగింది, ఎలా అతికించాలని ఒకబ్బాయి అడిగాడు. ఏ జపాన్ డెక్ గొప్పదన్న దగ్గర మొదలై ఇళయరాజా దాకా వెళ్లారు. అతను మళ్లీ అడగలేదు.

విడిగా పిలిచి చెప్పాను: అంచులు ఏటవాలుగా కత్తిరించి, హెడ్‌కి తగలని వైపు స్ప్లైసింగ్ టేప్ అంటించు, సెలోటేప్ వద్దు, జిగురు కారుతుంది.

ఆ కబుర్లు నాకూ ఇష్టమే. అప్రస్తుతం లేని అవధానం చప్పగా ఉంటుంది. కానీ అడిగినవాడు కూర్చున్నది పాదం పూర్తవడం కోసం.