మంచు ఆగిన మర్నాడే భయం

గుల్మార్గ్‌లో భారీగా మంచు పడిందనగానే మనవాళ్లు టికెట్లు వెతుకుతారు. నాకు గుండె గుబేలుమంటుంది. 2023 ఫిబ్రవరి 1న అక్కడి అఫర్వత్ కొండ మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. మరుసటి ఫిబ్రవరిలో ఒక రష్యన్.

తుఫాను వెలిసి ఎండ కాసిందని మురిసిపోతాం. కానీ కొత్త మంచు పాతదానికి ఇంకా అతుక్కుని ఉండదు. గాలి ఎగదోసిన చోట పైన గట్టి పలకలా, అడుగున గుల్లగా ఉంటుంది. 30, 40 డిగ్రీల వాలులో ఒక్క మనిషి బరువుకే ఆ పలకంతా పగిలి జారిపోవచ్చు. కూరుకుపోయినవాళ్లను పదిహేను నిమిషాల్లోపు తవ్వి తీయాలి. బయటి సాయం అంతలో రాదు, పక్కనున్న స్నేహితుడే దిక్కు. సంకేతాలు పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, తవ్వే పార లేకుండా గొండోలా (కేబుల్ కారు) దిగి స్కీయింగ్ హద్దు దాటేవాళ్లను చూస్తే నిజంగా కోపమొస్తుంది. తమ్ముళ్లూ, వెళ్లే ముందు ఆ రోజు హెచ్చరిక చదవండి, స్థానిక గైడ్ వద్దంటే ఆగిపోండి.