అన్నా, కథ ఎలా ఉంది?

మా టీములో ఓ కుర్రాడున్నాడు. పలాస దగ్గర ఊరు. కాలేజీ నుంచి నేరుగా వచ్చి చేరాడు. ఓ సాయంత్రం మైండ్‌స్పేస్ బయట టీ తాగుతుంటే బ్యాగులోంచి నాలుగు కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. "అన్నా, కథ రాశాను. ఒకసారి చూసి చెప్పవా?"

నేను కథలు రాస్తానని ఆఫీసులో అందరికీ తెలుసు. (రాసినవి మూడు, అచ్చయింది ఒకటి. నవ్వకండి.) అలాంటివాడిని పట్టుకుని "చూసి చెప్పు" అంటే ఊరుకుంటానా? ఆ రాత్రే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు వలిచే ఒక అమ్మ కథ అది. "నేదు" అని ఉన్నచోటల్లా "లేదు" అని దిద్దాను. పేరాలు అటూ ఇటూ మార్చాను. చివర్లో మలుపు లేదు, పెట్టమని రాశాను. అచ్చం కోడ్ రివ్యూ చేసినట్టే, పక్కన నలభై దాకా కామెంట్లు. మర్నాడు ఇచ్చేస్తే "థ్యాంక్స్ అన్నా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు కథ అన్న మాటే ఎత్తలేదు.

నాకూ గుర్తు లేదు, నిజం చెప్పొద్దూ. రిలీజులు, రాత్రి కాల్సు, గచ్చిబౌలి ట్రాఫిక్కు. గుర్తు చేసింది కారా మాస్టారు.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదవనివాళ్ళు కూడా ఆ పేరు వినే ఉంటారు. అప్పు, పంచాయితీ, పరువు కలిసి ఒక కుటుంబాన్ని ఎక్కడిదాకా నెడతాయో చెప్పిన కథ. 1966లో అచ్చయింది. దాని మీద ఎన్నో ఏళ్ళు చర్చలు నడిచాయి. మొన్న ఆదివారం దాన్ని మళ్ళీ తీశాను. రెండు పేజీలు తిప్పానో లేదో చెంప ఛెళ్ళుమంది. అందులో మనుషులు మాట్లాడేది శ్రీకాకుళం మాట. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన మాటలకి ఇది చుట్టమే!

ఇక ఆ రోజంతా ఆయన గురించే చదువుతూ కూర్చున్నాను. 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో ఒకే హైస్కూల్లో, సెయింట్ ఆంథోనీలో, 1948 నుంచి 1979 దాకా టీచరు. అంటే 31 ఏళ్ళు. మనం మూడేళ్ళు ఒక కంపెనీలో ఉంటే "ఇంకా అక్కడేనా?" అంటారు కదా! పగలు బడి, ఇంట్లో సంసారం, మిగిలిన టైములో కథ. మధ్యలో కొన్నేళ్ళు కలం పక్కన పెట్టేసి, మళ్ళీ పట్టుకుని 'యజ్ఞం' రాశారు. మొత్తం మీద రాసినవి తక్కువే. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. డెబ్భయ్యో దశకం తర్వాత ఆయన సొంత కథలు బాగా తగ్గిపోయాయి. మరి ఆ టైమంతా ఏం చేశారు? ఎక్కువ భాగం ఇతరుల కథలకి పెట్టారు. ఆంధ్రజ్యోతిలో 'నేటి కథ' శీర్షిక నడిపి కొత్తవాళ్ళని పరిచయం చేశారు. కొత్తగా రాసేవాళ్ళ కోసం 'కథా కథనం' పుస్తకం రాశారు. వచ్చిన కుర్రాళ్ళతో కూర్చుని వాళ్ళ కథల గురించి మాట్లాడారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ, పెద్ద రచయితదా చిన్న రచయితదా అని చూడకుండా, ఒకచోట చేర్చాలన్న పని అది. 2021 జూన్ 4న పోయేనాటికి ఆయనకి 96 ఏళ్ళు.

ఇంకో నాలుగు 'యజ్ఞం'లు రాయాల్సిన మనిషి అలా టైము ఖర్చు పెట్టెయ్యడం నష్టం కాదా అని మొదట అనిపించింది. లెక్కలు వేసే బుర్ర కదా మనది. కానీ నా సంగతి చూసుకుంటే, నేను నా టైము భద్రంగా దాచుకుని ఏం ఊడబొడిచాను? మూడు కథలు. వాటితో పాటు, ఒక కుర్రాడు రాయడం మానేశాడు. ఆయన ఇచ్చింది చదివే ఓపిక. నేను ఇచ్చింది నా తెలివి. ఆ రెండూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

సోమవారం వాణ్ణి టీకి లాక్కెళ్ళాను. "ఆ కథ ఏం చేశావురా?"

"డిలీట్ చేసేశానన్నా. నాకు రాదని అర్థమైంది."

సారీ చెప్పాను. వాడు ఇబ్బంది పడి "అయ్యో, అదేంటన్నా" అన్నాడు. ఈసారి పెన్ను తియ్యలేదు, ఒక ప్రశ్న అడిగాను. "ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మీ అమ్మ చేతులు ఎలా ఉండేవి?"

అరగంట చెప్పాడు. జీడి రసానికి వేళ్ళు నల్లబడిపోయేవట. చర్మం ఊడేదట. ఉద్యోగంలో చేరడానికి హైదరాబాదు బయల్దేరిన రోజు, కొత్త తెల్లచొక్కా మంచం మీద ఉంటే అమ్మ దాన్ని ముట్టుకోలేదట. "నువ్వే తొడుక్కోరా, నా సేతులు మంచివి కావు" అందట.

"ఇది కథలో ఎందుకు రాయలేదురా?"

"అది మా ఇంట్లో సంగతి కదన్నా. అది కూడా కథేనా?"

ఏమీ చెప్పకుండా టీ డబ్బులిచ్చి వచ్చేశాను. ఇంకో మాట మాట్లాడి ఉంటే మళ్ళీ ఎర్ర పెన్నే అయ్యేది.

వాడు మళ్ళీ రాస్తాడో లేదో తెలీదు. నేను అడగట్లేదు. సంక్రాంతికి వాళ్ళ ఊరు రమ్మన్నాడు. పలాస రైలు శ్రీకాకుళం రోడ్డు మీదుగానే పోతుంది, దార్లో దిగి కథానిలయం చూద్దామన్నాను. "సరే అన్నా" అన్నాడు. టిక్కెట్లు మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాయి.

మీ టీములో కూడా బ్యాగులో నాలుగు కాగితాలు పెట్టుకుని తిరిగేవాడు ఒకడు ఉండే ఉంటాడు. మీ చేతికిస్తే మాత్రం, ముందు ఆ పెన్ను మూత పెట్టెయ్యండి.