ఆగాలా, పోవాలా

2022 ఫిబ్రవరిలో టెస్లా అమెరికాలో 53,822 కార్లకి రీకాల్ ప్రకటించింది. వాటిలోని సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగదు. చుట్టుపక్కల ఎవరూ లేరనిపిస్తే గంటకి తొమ్మిది కిలోమీటర్ల లోపు వేగంతో మెల్లగా జారుకుంటుంది. అక్కడ మనుషులూ చాలామంది చేసేది అదే. అయినా రోడ్డు భద్రతా సంస్థ ఒప్పుకోలేదు. కంపెనీ ఆన్‌లైన్ అప్‌డేట్‌తో ఆ అలవాటు మాన్పించింది.

మా మైపాడు రోడ్డు మీద ఈ వార్త చెప్తే నవ్వుతారు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రానికి పోయే ఆ పాతిక కిలోమీటర్లలో మలుపు దగ్గర పూర్తిగా ఆగిన బండిని నేను చూసింది తక్కువ. రొయ్యల మేత లారీ, ఐసు పెట్టెల ఆటో, చేపల గంప కట్టిన టీవీఎస్ ఎక్సెల్, వడ్ల ట్రాక్టరు. పక్క దారిలోంచి వచ్చేవాడు ముందు చక్రం రోడ్డు మీద పెట్టి, అవతలివాడి మొహం చూస్తాడు. బేరం కళ్ళతోనే తెగిపోతుంది.

రూలు మనకీ ఉంది. పెద్ద రోడ్డెక్కేవాడు దాని మీద పోయేవాళ్ళకి దారివ్వాలి, మిగతా చోట్ల కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి. 1989 నాటి నిబంధనల్లోనే ఉందీ మాట. ఆ రూలు తు.చ. తప్పని కారు ఇక్కడికొస్తే, దారివ్వడానికి ఆగుతుంది. ఆగింది కదా అని పక్క నుంచి ఒక ఆటో దూరుతుంది, దాని వెనకే ఇంకోటి. పొద్దుగూకేదాకా అది అక్కడే. కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళ తిహాన్ టెస్ట్‌బెడ్ ఉంది, 2022లో మొదలైంది. నన్నడిగితే అక్కడికి మొదట తీసుకుపోవాల్సింది నెత్తిన గంపతో, చెయ్యి ఊపుతూ అడ్డంగా నడిచొచ్చే మా ఊరి ఆడమనిషిని.

నవ్వులాట పక్కన పెడితే, మా చిన్నాన్న పోయింది ఇట్లాంటి మలుపులోనే. ఆయన మోపెడ్ పెద్ద రోడ్డు మీదే ఉంది. పక్క దారిలోంచి వ్యాను ఆగకుండా ఎక్కేసింది. ‘ఖాళీగా ఉందనుకున్నా’ అన్నాడట డ్రైవరు. ఆ సాఫ్ట్‌వేర్ కూడా జారింది ఖాళీగా ఉందనుకునే.

2023 చివర్లో నితిన్ గడ్కరీ, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవర్ లేని కార్లని దేశంలోకి రానివ్వనన్నాడు. మా పిన్ని కొడుకు తోలేది రొయ్యల లారీ. వాడికి ఆ మాట నచ్చింది. అన్నం తింటా చెప్పాడు.

“ఆ కారు ఆగుద్దంటనా, అబ్బయా?” అంది పిన్ని నాతో.

ఆగుద్ది పిన్నీ, ఆగకపోతే ఊరుకోరు అన్నాను.

“నువ్వు ఆగతన్నావంట్రా?” అని వాడి వైపు తిరిగింది. వాడు మజ్జిగ పోసుకుంటన్నాడు.