గూఢచారి, గుర్రం, పగటి వేషం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాటను కాదని, 1965 సెప్టెంబరులో అమెరికాలోని సీబీఎస్ సంస్థ ప్రసారం మొదలుపెట్టిన ‘ది వైల్డ్ వైల్డ్ వెస్ట్’ అనే టెలివిజన్ ధారావాహిక రెండు కథాజాతులను ఒకచోట నిలబెట్టింది. వాటిలో ఒకటి వెస్టర్న్, అంటే పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో పశువుల మందలను గుర్రం మీద తోలే కౌబాయ్‌లు, బందిపోట్లు, షెరీఫుల చుట్టూ తిరిగే కథ. రెండోది జేమ్స్ బాండ్ ధోరణిలోని గూఢచారి కథ. రాబర్ట్ కాన్రాడ్ ధరించిన జేమ్స్ వెస్ట్ పాత్ర అధ్యక్షుడు గ్రాంట్ కొలువులో పనిచేసే రహస్య ప్రతినిధి. నలగని కోటు, నాగరికమైన మాటతీరు, అవసరమైతే పిడికిలి అతని సొత్తు. వాండరర్ అనే ప్రత్యేక రైలు అతనికి ఇల్లూ, ఆయుధాగారమూ కూడా. రాస్ మార్టిన్ ధరించిన ఆర్టెమస్ గోర్డన్ అతని సహచరుడు, వేషం మార్చడంలో సాటిలేనివాడు. 1969 దాకా నడిచిన నూటనాలుగు భాగాల్లో వెస్ట్ బలం కంటే గోర్డన్ వేషాలే ఎక్కువ వన్నె తెచ్చాయనడం అతిశయోక్తి కాదు.

ఇదే కాలంలో తెలుగు సినిమా కూడా ఈ రెండు కథాజాతులను అందిపుచ్చుకుంది గాని, వాటిని కలపకుండా విడివిడిగా తీసుకుంది. కృష్ణా డెల్టాలో తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1966లో ‘గూఢచారి 116’లో ప్రభుత్వ రహస్య పరిశోధకుడుగా కనిపించి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకోగా, అయిదేళ్ల తరువాత సొంత సంస్థ పద్మాలయా నిర్మించిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో టోపీ, తుపాకీ, గుర్రంతో కౌబాయ్‌గా దర్శనమిచ్చాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో చాలా భాగం రాజస్థాన్ ఎడారిలో చిత్రీకరణ జరిగిన ఆ సినిమా 1971 ఆగస్టులో విడుదలైంది. నటుడు ఒక్కడే అయినా, గూఢచారి నగరంలోనే ఉండిపోయాడు, కౌబాయ్ ఎడారిలోనే ఉండిపోయాడు.

ఈ ఎడబాటుకు కారణం కథను మలచిన తీరులో కనిపిస్తుంది. ‘మోసగాళ్లకు మోసగాడు’కు రచన చేసినవాడు ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కర్త ఆరుద్ర. ఇటాలియన్ దర్శకుడు సెర్జియో లియోన్ చిత్రాల ఛాయ సినిమా మీద బాగా పడినా, సాహిత్య చరిత్ర మథించిన ఆ పండితుడు కథను పరదేశపు గనుల ఊళ్లలో ఉంచక, ఆంగ్లేయుల నాటి అమరవీడు అనే కల్పిత సంస్థానానికీ, దాచిపెట్టిన రాజనిధికీ ముడిపెట్టాడు. కౌబాయ్ ఎవరి కొలువులోనూ లేని మనిషిగా, జానపద కథల్లోని నిధిని వెతికే సాహసికి వారసుడుగా నిలబడ్డాడు. అలాంటి కథకు ఈ డెల్టాలో నిజమైన నేల లేకపోలేదు: 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఈస్టిండియా కంపెనీ సేన, విజయనగరం సంస్థానపు రాజు ఆనందగజపతి బలగం తోడు రాగా, చుట్టూ ఉప్పుబురదతో నిండిన, మచిలీపట్నంలోని బందరుకోట మీదికి రాత్రివేళ ఎగబాకి, కాన్‌ఫ్లాన్స్ అధీనంలోని ఫ్రెంచివారి నుంచి దానిని పట్టుకుంది. అంత చరిత్ర చేతికందేంత దగ్గరలో ఉన్నా, బందరు బురదలో తెలుగు కౌబాయ్ గుర్రం ఎన్నడూ దిగకపోవడం విచారించదగినదే.

అయితే ఈ సీమ మనిషి మాత్రం ఆ కథలో ఉన్నాడు. గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలు మార్గం మీద గుడ్లవల్లేరు దాటాక వచ్చే కవుతరంలో 1935లో పుట్టిన కైకాల సత్యనారాయణ ‘మోసగాళ్లకు మోసగాడు’లో ముఖ్యమైన ప్రతినాయక పాత్రల్లో ఒకటి ధరించాడు. 1959లో ‘సిపాయి కూతురు’తో నాయకుడుగా అడుగుపెట్టి, ఆ దారి సాగక, దర్శకుడు విఠలాచార్య జానపద చిత్రాలతో ప్రతినాయకుడుగా స్థిరపడిన ఈ నటుడికి, పొరుగునే ఉన్న నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారకరామారావుతో రూపసామ్యం ఉండడం వల్ల కొన్ని దృశ్యాల్లో ఆయనకు డూపుగా, అంటే ముఖం చూపకుండా మరో నటుడి స్థానంలో నిలిచే మనిషిగా, పనిచేసే అవకాశం వచ్చింది. ఒకరి వేషంలో మరొకరు నిలబడడం ఆయన వృత్తిజీవితానికి పునాది అయిందన్నమాట. రాక్షసుడు, మాంత్రికుడు, యముడు, కన్నతండ్రి అన్న భేదం లేకుండా అన్నీ ధరించి నవరస నటనా సార్వభౌముడనిపించుకున్న ఆయనే 1990లో, సోదరుడు నాగేశ్వరరావు నిర్మాతగా, చిరంజీవి నాయకుడుగా వచ్చిన ‘కొదమసింహం’ అనే మరో కౌబాయ్ చిత్రానికి సమర్పకుడయ్యాడు. 1996లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన ఈ నటుడి పేరు తెలుగు కౌబాయ్ చరిత్రలో కృష్ణ పేరు పక్కన తప్పక చేర్చవలసినది.

దివిసీమకు ఎగువన, మొవ్వకు చేరువలో ఉన్న కూచిపూడి వైపు చూస్తే, గోర్డన్ వేషం మార్చే విద్య ఈ నేలకు ఎంత పాతదో తెలుస్తుంది. అక్కడి నటులు రాత్రి కలాపాలనే నృత్యనాటకాలతో పాటు పగటి వేషాలు కూడా కట్టేవారు. అంటే తెరా, రంగస్థలమూ లేకుండా పట్టపగలు వీధిలోకి వేషంతో వచ్చి, చూసేవారిని ఒక క్షణం నమ్మించి మెప్పు పొందే కళ. అర్ధనారీశ్వర వేషంలో ముఖానికి ఒక పక్క శివుడి రంగూ, మరో పక్క పార్వతి పసుపూ కాటుకా దిద్దుకుని, చేతిలోని గుడ్డను అడ్డంగా పట్టుకుని, ఒకసారి ఈ పక్కను కప్పి, మరోసారి ఆ పక్కను కప్పి, గొంతునూ నడకనూ ఆ క్షణానికి తగ్గట్టు మార్చేస్తాడు నటుడు. స్త్రీ వేషాలకు పేరుపొంది 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడను తెర మీదుగా వేసి ప్రవేశించినప్పుడు, అతను పురుషుడని తెలిసిన ప్రేక్షకులే ఆ సంగతిని మరచిపోవడానికి ఇష్టపడేవారు. గోర్డన్ వేషంలో మోసపోయేది శత్రువు. ప్రేక్షకుడికి గుట్టు ముందే తెలుసు, గుడ్డ అడ్డం తిప్పే నటుడిని చూసే వీధి జనానికి తెలిసినట్లే.

కౌబాయ్ కథను తెచ్చుకున్న తెలుగు సినిమా టోపీనీ, గుర్రాన్నీ, నిధి పటాన్నీ తెచ్చుకుంది గాని, నాయకుడి పక్కన వేషాల విద్యతోనే గెలిచే సహచరుణ్ణి నిలబెట్టే పని పెద్దగా చేయలేదు. 2002లో మహేశ్‌బాబు నటించిన ‘టక్కరి దొంగ’ అమెరికా ఎర్రరాతి లోయల దాకా వెళ్లి చిత్రీకరణ జరుపుకుంది. బందరు రైలులో కవుతరం నటుడి వంటి మరో సహచరుణ్ణి ఎక్కించి, కూచిపూడి వేషగాడి చేత ఆంగ్లేయ దొరల కోటలో అడుగు పెట్టించే కథను రాయడానికి కావలసిన సరంజామా అంతా ఈ మూడు ఊళ్ల మధ్యే ఉంది, రాసేవాడే రావాలి.