ఉప్పుగాలిలో నిగనిగ

పిల్లలూ! కొత్త కారు తలుపు దగ్గర నిలబడితే మీ ముఖం మీకే కనిపిస్తుంది గదా. ఆ మెరుపంతా రంగుదేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఈనాటి కార్లలో చాలావాటికి రంగు మీద గాజుపొరలాగా, రంగే లేని పూత మరొకటి ఉంటుంది. పెయింటర్లు దాన్ని క్లియర్ కోటు అంటారు. కొన్ని కార్లు ముత్యంలా తళుక్కుమంటాయి, చూశారా? వాటి రంగులో సన్నని అభ్రకం రేకులు కలుపుతారు. మన గూడూరు, సైదాపురం వైపు గనుల్లో దొరుకుతుందే, ఆ అభ్రకమే! అటువంటి రంగుకు పైన క్లియర్ కోటు లేకపోతే గడవదు.

గాలి లేని వేళ చెరువులో తాటిచెట్టు నీడ ఎంత స్పష్టంగా ఉంటుందో మీరెరుగుదురు. చిన్న అల లేచిందంటే నీడ చెదిరిపోతుంది. పూత సంగతీ అంతే. నున్నగా ఉన్నంతకాలం వెలుతురును ఒకే వైపుకు తిప్పి పంపుతుంది. గరుకైతే నలువైపులా చెదరగొడుతుంది. నెల్లూరు తీరాన మైపాడు, కోడూరు వంటి ఊళ్ళలో బండ్లకు ఈ గరుకు త్వరగా వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పూతను పాడుచేస్తాయి, ఎగిరే ఇసుక దాన్ని గీరుతుంది. పూత లేచిన చోట ఉప్పుగాలి రేకును తుప్పు పట్టిస్తుంది.

సరే, నాన్నగారి స్కూటరుకు మళ్ళీ మెరుగు పెట్టాలి. ఏ పూత కొనాలి?

అంగట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ఒకే డబ్బాలో వచ్చేది. నొక్కితే తుంపరగా పడుతుంది. అందులోని ద్రావకం ఆవిరైపోయి, జిగురు మిగిలి గట్టిపడుతుంది. ఇంతకన్నా సులువైనది లేదు. కాని దాని మీద పెట్రోలు ఒలికితే మెత్తబడిపోతుంది. రెండో రకంలో జిగురు ఒక డబ్బాలో, గట్టిపరిచే మందు మరో డబ్బాలో ఉంటాయి. రెండూ కలిపితే రసాయనిక చర్య జరిగి పూత రాయిలా బిగుస్తుంది. పెట్రోలుకు అంతగా లొంగదు, ఏళ్ళతరబడి మెరుస్తుంది. అయితే ఆ మందులో ఐసోసయనేట్లు అనే పదార్థాలున్నాయి. వాటి తుంపర ఊపిరితిత్తులకు చేటు. ఒకసారి పడకపోయిందంటే, ఆపైన ఏ కాస్త తగిలినా ఆయాసం వస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదది. కనుక, పెద్దలారా, పెట్రోలు ట్యాంకును తగిన సరంజామా ఉన్న షెడ్డుకే పంపండి. మడ్‌గార్డు వంటి వాటికి ఒంటి డబ్బా చాలు. అదైనా ఆరుబయట, పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ళే కొట్టాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. "ఇది ఇట్టే ఆరిపోతుందండీ!" అని అంగడివాడు మెచ్చుకుంటాడు. సముద్రపు ఒడ్డున అది గుణం కాదు, దోషం! ఎందుకో చెబుతాను. కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? చెమ్మ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది గనుక. ద్రావకం కూడా అలాగే రేకును చల్లబరుస్తుంది. ఎంత త్వరగా ఆవిరైతే అంత చల్లన. తీరపు గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ చల్లని పూత మీద మంచులా దిగుతుంది, నిగనిగ మాట దేవుడెరుగు, పూత పాలిపోయి తెల్లబడుతుంది. కాబట్టి నిదానంగా ఆరేదాన్నే అడగండి. అది సమంగా పరుచుకుంటుంది కూడా. ఎండను తట్టుకునే మందు కలిపారేమో డబ్బా మీద చదివి చూడండి.

నాకు తెలిసిన పెయింటరు ఒకాయన వానమబ్బు కనిపిస్తే గన్ను కడిగి పెట్టేస్తాడు. ఎంత తొందరపెట్టినా వినడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన వైపు ముసుర్లు పట్టే రోజుల్లో, ఆయన షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. తెరపి ఇచ్చిన రోజున కూడా పొద్దెక్కి మంచు ఆరాకనే పని మొదలు. అంతకుముందు రేకును మంచినీళ్ళతో రెండుసార్లు కడుగుతాడు. మామిడికాయ ముక్కల మీద ఉప్పు చల్లితే నీరూరుతుంది గదా! పూత కింద ఉప్పు మిగిలితే అదీ అలాగే బయటి తేమను పూతగుండా లాక్కుంటుంది, బొబ్బలు లేస్తాయి.

కొట్టేటప్పుడు ఒకేసారి దట్టంగా కాక, పలచగా మూడు నాలుగు పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి. ముందు ఒక పాత రేకుముక్క మీద కొట్టి చూస్తే ఆ రోజు గాలి సంగతి తెలిసిపోతుంది. ఒంటి డబ్బా పూత తెల్లబడినా కంగారు పడనక్కరలేదు. పొడి ఎండ కాసిన రోజున, నిదానంగా ఆరే తిన్నరును దాని మీద పలచగా చిలకరిస్తే, పైపొర కరిగి మళ్ళీ తేటగా ఆరుతుంది.